"తల్లీ బిడ్డా క్షేమం" అనే ముందు

మన ఇళ్ళలో కాన్పు జరగగానే ఊరికి వెళ్ళే కబురు ఒకటే: "తల్లీ బిడ్డా క్షేమం." పూర్వం అది టెలిగ్రాముగా పోయేది. ఇప్పుడు ఫోనులో రెప్పపాటులో పోతున్నది. ఈ నెల మహిళా విభాగం తరఫున మేము వ్రాయదలచినది ఆ కబురు పంపిన తరువాత జరిగిన ఒక సంగతి.

ఆ దంపతులు మన సంఘ సభ్యులే. పేర్లు వేయవద్దన్నారు కాని, జరిగినది మాత్రం దాచకుండా వ్రాయమన్నారు. ఆయన ఇంజనీరు, ఆమె అకౌంటెంటు. తొలిచూలు. తొమ్మిది నెలలూ ఏ చిక్కూ లేదు. రక్తపోటు సరిగానే ఉంది, చక్కెర లేదు. మిడ్‌వైఫ్ తన కాగితాలలో "లో రిస్క్" అని వ్రాసుకున్నది. నొప్పులు మాత్రం ఒక పగలూ ఒక రాత్రీ సాగాయి. జనవరి నెల, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆడపిల్ల పుట్టింది. బరువు దాదాపు నాలుగు కిలోలు. తండ్రి వెంటనే తెనాలికి ఫోను చేశాడు. అక్కడ అప్పటికి తొమ్మిదిన్నర. "అత్తయ్యగారూ, ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం" అన్నాడు. ఆవిడ దేవుడి ముందు దీపం పెట్టి, వీధిలో నలుగురికీ చెప్పి వచ్చారట.

ఆ దీపం కొండెక్కకముందే ఇక్కడ గదిలో గంట మోగింది.

ఆమె మాటల్లోనే చెబుతాం: "పాపను గుండెల మీద పెట్టారు. అందరూ దానినే చూస్తున్నారు, నేనూ దానినే చూస్తున్నాను. పక్క తడిగా అనిపించింది. కాన్పు అయ్యాక అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. చెప్పాలంటే సిగ్గేసింది కూడా. తరువాత చలి పట్టుకుంది. పళ్ళు కొట్టుకున్నాయి. చెవుల్లో హోరు. పాపను పట్టుకోండి, చేతుల్లోంచి జారిపోయేలా ఉంది అన్నాను. నేను అన్న మాట అదొక్కటే."

ఆ ఒక్క మాటకే మిడ్‌వైఫ్ దుప్పటి ఎత్తి చూసి, గోడమీది ఎర్ర మీట నొక్కింది. నిమిషంలో గది నిండా మనుషులు. ఒకరు పొట్టమీద చేయి వేసి గర్భసంచిని గట్టిగా రుద్దుతున్నారు. ఇద్దరు రెండు చేతులకూ సూదులు గుచ్చుతున్నారు. ఒకరు గోడ గడియారం చూస్తూ ఏ మందు ఎప్పుడు ఇచ్చారో వ్రాస్తున్నారు. తడిసిన గుడ్డలను త్రాసులో వేసి తూస్తున్నారు. గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున పోయిన రక్తం లెక్క అలా తేలుతుంది. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుందని మాలో ప్రసూతి వార్డులో పనిచేసే సభ్యురాలు అంటారు. ఆ తరువాత మంచంతో సహా ఆపరేషన్ గదికి తీసుకుపోయారు.

భర్త ఆ ఖాళీ గదిలో పాపతో నిలబడిపోయాడు. నేలమీద రక్తం, ఒక చెప్పు. ఫోను అదేపనిగా మోగుతున్నది. అటునుంచి మేనమామలు, పిన్నులు, పాత సహాధ్యాయులు, అందరూ అభినందనలు చెప్పేవారే. "ఎత్తి ఏమని చెప్పను? క్షేమం అని నేనే చెప్పాను కదా" అన్నాడాయన మాతో.

ఇంతకూ జరిగినది ఏమిటి? బిడ్డ బయటపడ్డాక మాయ ఊడి వస్తుంది. అది అంటుకుని ఉన్నచోట తెరుచుకున్న రక్తనాళాలు మిగులుతాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతూ ఉంటుంది. ఆ నాళాలను మూసేది గర్భసంచి కండరమే. అల్లుకున్న దాని పోగులు బిగుసుకుని, మధ్యనుంచి పోయే నాళాలను పిండి మూసివేస్తాయి. పొడుగైన నొప్పులతో అలసినా, పెద్ద బిడ్డతో సాగినా, కవలలున్నా ఆ కండరం ఒక్కొక్కసారి బిగుసుకోదు. ప్రసవానంతర రక్తస్రావాలలో ఎక్కువ భాగానికి కారణం ఇదే. మాయముక్క లోపల ఉండిపోవడం, చిరుగులు పడటం, రక్తం గడ్డకట్టే గుణం తగ్గడం తక్కిన కారణాలు. ఈమెకు మొదటి రెండూ కలిసి వచ్చాయి. మాయలో చిన్న ముక్క నిలిచిపోయింది, అది ఉన్నంతసేపూ గర్భసంచి బిగియలేదు.

ఆపరేషన్ గదిలో ఆ ముక్కను చేత్తో తీసి, లోపల రబ్బరు బుడగ వంటిది పెట్టి సెలైనుతో నింపారు. ఆ ఒత్తిడికి రక్తం ఆగింది. మొత్తం పోయినది 2.4 లీటర్లు. నిండు చూలాలి ఒంట్లో ఉండేది సుమారు ఆరు లీటర్లు! నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. (సీసాలు పోయి సంచులు వచ్చి ఎన్నో ఏళ్ళయింది కాని, మన నోట ఇంకా సీసాలే.) గర్భసంచి తీసివేయవలసి రావచ్చునని ముందే సంతకం పెట్టించుకున్నారు. ఆ అవసరం రాలేదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1631లో బుర్హాన్‌పూరులో పద్నాలుగో కాన్పులో ముంతాజ్ మహల్ పోయింది. చక్రవర్తి ఇంటనే ఆనాడు దిక్కులేకపోయింది. ఆమె సమాధిని చూడటానికి మనం పిల్లల్ని తీసుకువెళతాం, ఆమె ఎలా పోయిందో మాత్రం చెప్పం. ఈ లండనులోనే జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు, కళ్ళముందు తల్లులు రక్తం ఓడి పోవడం సహించలేక, మనిషి రక్తం మనిషికి ఎక్కించే ప్రయత్నం చేశాడు. కాన్పులో రక్తం పోయిన ఒక స్త్రీని అలా బ్రతికించిన వైనం 1829లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గర్భసంచిని బిగించే ఎర్గోమెట్రిన్ 1935లో దొరికింది. ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన ద్యు విన్యోకు 1955లో నోబెల్ వచ్చింది.

వీరందరిలో మా మనసుకు పట్టింది మాత్రం ఉటాకో ఒకామోటో అనే జపాను వైద్యురాలు. పసిపాపను చూసుకునే దిక్కులేక వీపున కట్టుకుని లాబొరేటరీలో పనిచేసిన మనిషి. భర్తతో కలిసి 1962లో ట్రానెక్సామిక్ ఆమ్లం సంగతి లోకానికి తెలిపింది. ఏర్పడిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు అది. కాన్పులలో వాడి చూడండని తన ఊరి ప్రసూతి వైద్యులను అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి 21 దేశాలలో ఇరవై వేలమంది స్త్రీలపై పరీక్షించి, మూడు గంటలలోపు ఇస్తే రక్తస్రావపు చావులు దాదాపు మూడోవంతు తగ్గుతాయని 2017లో తేల్చారు. ఆవిడ అంతకు ముందటి సంవత్సరమే, 98వ ఏట కన్నుమూసింది. మన సభ్యురాలికి ఆ తెల్లవారుజామున ఇచ్చిన మందులలో అదీ ఒకటి.

మనవైపు కూడా చెప్పుకోదగిన పని జరిగింది. పల్లెలో త్రాసులూ లెక్కలూ ఎక్కడివి? అందుకని కర్ణాటకలోని బెళగావి జిల్లాలో రెండువేల దశకం మొదట్లో ఒక పరిశోధన చేస్తూ, తల్లి క్రింద పరిచే గీతల ప్లాస్టిక్ సంచి ఒకటి వాడారు. రక్తం ఏ గీత దాటిందో నర్సు చూస్తే చాలు. అటువంటి సంచితో కొలిచి, గీత దాటగానే మందులన్నీ ఒక్క వరుసలో ఇచ్చే పద్ధతిని ఆఫ్రికాలోని నాలుగు దేశాలలో పరీక్షించారు. తీవ్ర ప్రమాదాలు అరవై శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు. ఖరీదైన యంత్రం ఏదీ లేదు, వేళకు గమనించడమే.

ఇక ఇంటికి వచ్చాక. ఈ భాగం గురించి ఎవరూ వ్రాయరు కనుక మేము కొంచెం నిలిచి వ్రాస్తాం. వారం తిరిగేసరికి తెనాలి నుంచి ఆమె తల్లిగారు వచ్చారు. కాయం, వెల్లుల్లి కారం, నడికట్టు గుడ్డ, సాంబ్రాణి, పెట్టె నిండా పురుటి సరంజామా. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు, మంచం దిగకూడదు అన్నది ఆవిడ పెంపకం. ఆస్పత్రివారు చెప్పినది సరిగ్గా దీనికి ఎదురు. ఇంత రక్తం పోయిన మనిషికి కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ. కాబట్టి నీళ్ళు బాగా త్రాగాలి, మెల్లగా నడవాలి, రోజూ పొట్టమీద హెపారిన్ సూది వేసుకోవాలి. తల్లీకూతుళ్ళకు రెండురోజులు మాటలు లేవు. చివరికి వచ్చిపోయే మిడ్‌వైఫ్ కూర్చుని, అల్లుడు తెలుగులో చెబుతుండగా, ఆవిడకు అంతా వివరించింది. ఆవిడ అన్నీ విని, "మా పిన్ని పురుట్లోనే పోయింది. వాతం కమ్మింది అన్నారు. ఇదేనేమో" అన్నారట. ఆ రోజు నుంచి నీళ్ళ చెంబు మంచం పక్కన పెట్టింది ఆవిడే. కాయం మాత్రం మానలేదు. అందులో తప్పేమీ లేదు. ఇనుము మాత్రలు టీతో కాక నారింజ రసంతో వేసుకోమంటే, కాఫీ గంట వెనక్కు జరిపించారు.

పాలు ఆలస్యంగా పడ్డాయి. రక్తం బాగా పోయినవారికి అలా జరగడం కద్దు. చూడవచ్చిన మనవాళ్ళలో ఒకరిద్దరు, "మా కాలంలో ఇట్లాంటివి లేవమ్మా" అన్నారు. ఉన్నాయి! పోయినవారు వచ్చి చెప్పరు, అంతే. మరికొందరు "పాప బాగుంది కదా, ఇక అదంతా మరిచిపో" అన్నారు. ఆమెకు మాత్రం నెలల తరబడి ఆస్పత్రి గంట వంటి చప్పుడు వింటే చేతులు చల్లబడేవి. పగలు పాపను ఎత్తుకోవాలంటే భయం, జారిపోతుందని. మూడవ నెలలో ఆస్పత్రికి వెళ్ళి తన కాగితాలు తెప్పించుకుని, ఆ రోజు గడియారం చూస్తూ వ్రాసిన పట్టీని ఒక సీనియర్ మిడ్‌వైఫ్‌తో కూర్చుని ఆసాంతం చదివింది. ఇక్కడ చాలా ఆస్పత్రులలో ఈ సదుపాయం ఉంది, అడగాలి. ఎప్పుడు ఏమి జరిగిందో వరుసగా తెలిశాక నిద్ర పట్టడం మొదలైంది అంటుంది.

పురుడు దాటి ఇంటికి వచ్చినవారినీ, వారి ఇంటివారినీ మేము కోరేది ఒక్కటి. పన్నెండు వారాలవరకూ తల్లిని కూడా చూడండి. గంటలో గుడ్డ నిండా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, దుర్వాసన, చలిజ్వరం వచ్చినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా అది సిగ్గుపడే సంగతి కాదు, తెల్లవారనిద్దాం అనే సంగతి కూడా కాదు. ప్రసూతి వార్డు ఫోను నంబరు ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆయాసానికీ ఆగని రక్తానికీ 999.

ఆ నాలుగు సీసాల రక్తం ఎవరిదో ఆ దంపతులకు తెలియదు, తెలియజెప్పరు కూడా. 1980 తరువాత రక్తం ఎక్కించుకున్నవారు ఈ దేశంలో రక్తం ఇవ్వరాదన్నది నియమం కాబట్టి ఆమె ఇవ్వలేదు. భర్త ఇస్తున్నాడు. మనవాళ్ళలో బి గ్రూపు ఇక్కడివారికన్నా ఎక్కువ, రక్తం ఇచ్చేవారు మాత్రం తక్కువ. ఇండియాకు వెళ్ళివచ్చిన వెంటనే తీసుకోరు, మలేరియా అనుమానంతో కొన్ని నెలలు ఆగమంటారు. కాబట్టి వేసవి ప్రయాణం పెట్టుకున్నవారు వెళ్ళేముందే ఇచ్చి వెళ్ళడం మంచిది.