పాత పొగగొట్టము – వేరొక కారు

మోటారుకారు ఎంజినులో పెట్రోలు మండిన పిదప మిగిలిన వాయువులు, కారు అడుగున సాగు ఇనుప గొట్టము గుండా పయనించి వెనుక వెలువడును. నడుమ అమర్చిన సైలెన్సరు వాని చప్పుడును అణచును. పొగగొట్టమని మనము పిలుచు ఈ అమరికకు రెండు పనులు గలవు. చప్పుడు తగ్గించుట ఒకటి. విషవాయువును ప్రయాణికులకు దూరముగా కొనిపోవుట రెండవది. మొదటి పని చెడినచో చెవికి వెంటనే తెలియును. రెండవది చెడినచో తెలియకపోవచ్చును. ఒక కారునుండి విప్పిన గొట్టమును వేరొక ఆకృతి గల కారుకు తగిలించువారు ఈ రెండవ పనినే ముఖ్యముగా గమనింపవలెను.

ఇంగ్లండులో 1959లో వెలువడిన మినీ కారును ఉదాహరణముగా గైకొందము. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ చిన్న కారు 2000వ సంవత్సరము వరకు తయారైనది. మొత్తము సంఖ్య 53 లక్షలకు పైబడినది. 1960లో, సామాను పట్టుటకు వీలుగా వెనుక రెండు తలుపులు గల ఎస్టేటు కారును కూడ తెచ్చిరి. ఎంజిను రెండింటికిని ఒక్క తీరుదే. కాని ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము మామూలు కారులో సుమారు 80 అంగుళములు, ఎస్టేటులో సుమారు 84 అంగుళములు. మామూలు కార్లు ఎక్కువ గనుక వాని పాత భాగములు ఎస్టేటు భాగములకంటె సులభముగా దొరకును. అట్టి గొట్టమును ఎస్టేటుకు అమర్చునపుడు ఈ నాలుగంగుళముల లోటును పూరింపవలసి యుండును.

గొట్టమును వెనుకకు లాగి బిగించినచో చాలదా అని కొందరు తలంతురు. అది తగదు. మినీ ఎంజిను కారుకు అడ్డముగా అమర్చబడినది. వేగము పెంచినపుడును తగ్గించినపుడును ముందు వెనుకలకు ఊగును. గొట్టము అప్పటికే బిగువుగా నున్నచో ఆ ఊపునకు ఎంజిను దగ్గరి అతుకు వదులగును, లేదా గొట్టమే పగులును. ఎంజినును నిలిపి ఉంచు కడ్డీ చివరలనున్న రబ్బరు బుష్‌లు అరిగినచో ఈ ప్రమాదము మరింత హెచ్చు. కనుక ముందుగా వానిని పరీక్షించి, అరిగియున్నచో మార్చవలెను.

పాత గొట్టమును కొనునపుడు సైలెన్సరును కొయ్యతో మెల్లగా తట్టి చూడవలెను. లోపల పెళుసులు గలగలలాడినచో అది పనికిరాదు. పెట్రోలు మండునపుడు నీటి ఆవిరి పుట్టును. దగ్గరి ప్రయాణములలో గొట్టము తగినంత వేడెక్కదు గనుక ఆ ఆవిరి నీరై లోపల నిలిచి, ఇనుమును లోనుండి తినివేయును. పైకి నిగనిగలాడు సైలెన్సరు లోపల శిథిలమై యుండవచ్చును.

లోటును పూరించుటకు తగిన చోటు గొట్టము నడిమి తిన్నని భాగము. వంపుల వద్ద కోయరాదు. గొట్టమును కారు క్రింద పట్టి చూచి, కావలసిన పొడవును సుద్దతో గుర్తించి కోయవలెను. పాత గొట్టముపై సరిగా ఎక్కు మరొక గొట్టపు ముక్కను, ప్రతి చివర రెండేసి అంగుళములు కప్పునట్లు తొడగవలెను. నాలుగంగుళముల ఎడమునకు ఎనిమిదంగుళముల ముక్క కావలెను. వెల్డింగు చేయించినచో మేలు. అది గొట్టమును కారునుండి దించి, పెట్రోలుకు దూరముగా చేయించవలెను.

పిదప గొట్టమును రబ్బరు కట్టులపై వ్రేలాడదీయవలెను. ఇనుప తీగతో బిగించి కట్టరాదు. బ్రేకు గొట్టములకు, కారు అడుగునకు తగులకుండ ఎడము విడువవలెను. ఎస్టేటు కార్లలో పెట్రోలు టాంకిని 1961లో కారు అడుగునకు మార్చిరి గనుక, వేడి గొట్టము దాని సమీపమునకు రాకుండ చూచుట మరింత అవసరము.

ఇక ముఖ్య విషయము. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ఆక్సిజనుకంటె 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. మామూలు కారులో వెనుక డిక్కీకిని కూర్చొను చోటికిని నడుమ అడ్డు గలదు. ఎస్టేటులో అంతయు ఒకే గది. పరుగెత్తు కారు వెనుక గాలి సుడితిరిగి లోనికి మరలును. తలుపుల రబ్బరు అంచులు చెడినచో పొగయు దానితో ప్రవేశించును. కనుక గొట్టము చివర కారు అంచును దాటి వెలుపలికి వచ్చియుండవలెను. తలుపులు తెరచి కారు నడపరాదు.

పని ముగిసిన పిదప ఆరుబయట ఎంజినును నడిపి, గొట్టము ఇంకను చల్లగా నున్నపుడే, దాని చివరను మందమైన గుడ్డతో ఒక్క క్షణము మూయవలెను. అతుకుల వద్ద బుసబుసమను చప్పుడు వినిపించినచో అవి సరిగా కుదరలేదని గ్రహింపవలెను. ఈ పరీక్షను మూసిన షెడ్డులో ఎన్నడును చేయరాదు. ఆ పిమ్మట ప్రయాణములో ఎవరికైన తలనొప్పి, వికారము, మత్తు కలిగినచో ఎండవలన కలిగినదని ఉపేక్షింపక, వెంటనే కారు నిలిపి అందరును వెలుపలికి రావలెను. బాధ తగ్గినను వైద్యునికి చూపించుకొనవలెను; పొగగొట్టమును మరల పరీక్షింపక ఆ కారును నడపరాదు.