ఈతకొలను రుసుము: నగరపు లెక్క

నగరము నడుపు ఈతకొలనునకు, ఆటల శిక్షణకు రుసుము నెట్లు నిర్ణయింతురు? కెనడాలోని టొరాంటో నగరమును మేము ఉదాహరణగా గ్రహించుచున్నాము. 1998లో ఆరు పురపాలకములు కలిసి ఒకే నగరమైనవి. అప్పటికి పాత టొరాంటోలో శిక్షణలు చాలవరకు ఉచితము. శివారులలో రుసుము కలదు. ఒకే ఊర రెండు ధర్మములు చెల్లునా? 1999లో పేదవాడలలోని కొన్ని కేంద్రములను ఉచితముగా నుంచి, తక్కినచోట్ల రుసుము విధించిరి. స్తోమతలేని కుటుంబములకు వేరుగా సహాయ మేర్పరచిరి.

ఇందలి సూత్రము సులభము. ఊరందఱికిని మేలైన పనికి పన్ను, ఒక్కరికే దక్కు ప్రయోజనమునకు రుసుము. పిల్లలకు ఈత నేర్పుట ఊరికి మేలు. పెద్దల ప్రత్యేక శిక్షణ వారి సొంతము. అయితే రుసుము పెంచినకొలది వచ్చువారు తగ్గుదురు. కొలను కాపరి జీతము తగ్గదు. జనములేని కొలనువలన ఖజానాకుగాని, ఊరికిగాని లాభ మేమి? రుసుము నిర్ణయించునపుడు మనము మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదియే.