దిగే వేళ కాక్‌పిట్‌లో మాట

ఇంజన్లు సవ్యంగా పనిచేస్తూ, పైలట్ల అదుపులోనే ఉన్న విమానం కొండనో నేలనో ఢీకొనడం విమానయానంలో చాలాకాలంగా ఉన్న ప్రమాదం. రన్‌వేకు దగ్గరయ్యే దశలోనే ఇలాంటివి ఎక్కువ. అసలు ఎంత ఎత్తులో ఉన్నామన్నది కాక్‌పిట్‌లోని ఇద్దరికీ సరిగ్గా తెలియకపోవడం, తెలిసినవారి మాట రెండోవారు వినకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

ఆల్టిమీటర్ గాలి పీడనాన్ని బట్టి సముద్రమట్టం నుంచి ఎత్తు చూపుతుంది. హైదరాబాద్ పీఠభూమి మీద ఉంది కాబట్టి శంషాబాద్ రన్‌వే మీద ఆగి ఉన్న విమానంలోనూ అది సుమారు 2,000 అడుగులు చూపుతుంది. పీడనం మారుతూ ఉంటుంది కనుక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) అప్పటి పీడనం అంకె చెబుతుంది. పైలట్ దాన్ని తిరిగి పలికి, పరికరంలో సరిచేసుకుంటాడు. పీడనాన్ని కొలిచే హెక్టోపాస్కల్ ఒక్కటి తప్పితే ఎత్తులో సుమారు 28 అడుగుల తేడా వస్తుంది. 2022 మే 23న పారిస్‌లో 1001 అనాల్సిన చోట కంట్రోలర్ 1011 అన్నారు. పైలట్లూ అదే తిరిగి చెప్పారు. వర్షంలో దిగుతున్న ఎయిర్‌బస్ ఏ320, రన్‌వే ఇంకా కిలోమీటరున్నర దూరం ఉండగానే నేలకు ఆరడుగుల ఎత్తుకు వచ్చేసింది. కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగలేదు. రన్‌వే కనిపించక పైలట్లు విమానాన్ని పైకి లేపడంతో అందరూ బతికారు. విన్నది తిరిగి చెబితే చాలదు, వాతావరణ సమాచారంలోని అంకెతోనూ పోల్చుకోవాలి.

1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో టీడబ్ల్యూఏ 514 విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. 'దిగడానికి అనుమతి' అన్న మాటను పైలట్లు ఒకలా, కంట్రోలర్ మరోలా అర్థం చేసుకున్నారు. ఆ తర్వాతే అమెరికా, నేలకు ప్రమాదకరంగా దగ్గరైతే హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేసింది. తొలి పరికరాలు కిందికి మాత్రమే చూసేవి. ఇప్పటివి జీపీఎస్, భూతల పటాల సాయంతో ఎదురుగా ఉన్న కొండను కూడా ముందే పసిగట్టి 'పులప్' (పైకి లేపు) అని అరుస్తాయి.

ఆ అరుపును పట్టించుకోకపోతే ఏమవుతుందో 2010 మే 22న మంగళూరులో తెలిసింది. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మరీ ఎత్తుగా వస్తోంది. పరికరం హెచ్చరిస్తున్నా, 'గో అరౌండ్' (దిగకుండా మళ్లీ పైకి లేపండి) అని కో-పైలట్ పదేపదే చెబుతున్నా కెప్టెన్ దించేశారు. గుట్ట మీది రన్‌వే దాటి విమానం లోయలో పడింది. 166 మందిలో 158 మంది ప్రాణాలు పోయాయి. చిన్నవారు నిర్భయంగా చెప్పాలి, పెద్దవారు వినాలి అని పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చేది ఇందుకే.

దిగడం మానుకుంటే తర్వాత ఏంచేయాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. 1993 నవంబరు 15న చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి తదితర సినీ ప్రముఖులతో మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300, బేగంపేటలో రన్‌వే సరిగా కనిపించక పైకి లేచింది. దిగేందుకు రెక్కలకు తెరిచిన ఫ్లాప్స్ ముడుచుకోలేదు. దాంతో ఇంధనం వేగంగా ఖర్చయింది. మద్రాసుకు తిరిగి చేరలేక తిరుపతి సమీపంలోని పొలంలో దిగింది. అదృష్టవశాత్తూ అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అందుకే దిగడం మొదలుపెట్టకముందే ఎత్తులు, చుట్టూ ఉన్న కొండలు, మిగిలిన ఇంధనం, ప్రత్యామ్నాయ విమానాశ్రయం గురించి పైలట్లిద్దరూ పైకి చెప్పుకుంటారు. 10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట మాట్లాడరు. నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి వేగం, దిశ కుదరకపోతే ఇద్దరిలో ఎవరు 'గో అరౌండ్' అన్నా విమానం పైకి లేవాల్సిందే.