మగ్గమింటి సరుకులు: శుద్ధమేది, సంయోగమేది, మిశ్రమమేది?

నీలి బాన చెడినదను మాట వినని అద్దకపు ఇల్లుండదు. మా ఇంటను ఒక వానకాలమున అట్లే జరిగినది. కొలత తప్పలేదు, నీరు మారలేదు, నీలిమందు కొత్తది. అయినను చిలపలు తీసి ఆరవేయగా నీలము మచ్చలు మచ్చలుగా పట్టి, ఒక్క ఉతుకుకే వెలిసిపోయినది. ఒక పడుగుకు చాలినంత నూలు వ్యర్థమైనది. తప్పు నీదనిన నీదని ఇంటిల్లిపాదియు వాదించుకొని, కడకు చూడగా దోషము కాస్టిక్ సోడా డబ్బాలో నున్నది. మూత బిగింపక రెండు మాసములు అటకపై నుంచితిమి. డబ్బా మీది పేరు మారలేదు గాని, లోపలి సరుకు మారినది.

సరుకు పేరు తెలిసిన చాలదు, స్వభావము తెలియవలెను. రసాయన శాస్త్రము పదార్థములను మూడు తరగతులుగా ఏర్పరచినది. ఆ మూడును మన మగ్గమింటనే కలవు.

మూలకములు

రసాయన క్రియచేత ఎంత విడదీసినను మరి రెండు పదార్థములుగా విడిపోనిది మూలకము. బంగారము, వెండి, రాగి, గంధకము ఇట్టివి. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాయిజే 33 మూలకములకు పట్టిక వ్రాసెను. అందు సున్నమును చేర్చెను గాని, అది సంయోగమని తరువాత తేలినది. నేటికి గుర్తింపబడిన మూలకములు 118.

సంయోగములు

రెండు గాని అంతకు మించి గాని మూలకములు నియమిత పాళ్లలో కలిసి, తమ పూర్వగుణములను విడిచి కొత్త పదార్థమైనచో అది సంయోగము. తొమ్మిది తులముల నీటిలో ఒక తులము ఉదజని, ఎనిమిది తులములు ఆమ్లజని. గోదావరి నీరైనను, కావేరి నీరైనను, శుద్ధిచేసిన పిమ్మట ఈ పాలు మారదు. ఉప్పు సంగతి ఇంకను వింత. సోడియము నీరు తగిలిన భగ్గుమను లోహము, క్లోరిన్ విషవాయువు. రెండును కూడినచో అన్నములో వేసికొను ఉప్పు!

కాస్టిక్ సోడాలో సోడియము, ఆమ్లజని, ఉదజని కలవు. నీలిరంగు కర్బనము, ఉదజని, నత్రజని, ఆమ్లజనుల సంయోగము. దీనిని కర్మాగారమున తయారుచేసి 1897లో జర్మనీవారు అమ్మకమునకు తెచ్చిరి. చెట్టునుండి వచ్చినను, కర్మాగారమునుండి వచ్చినను ఆ నీలి సంయోగమొక్కటే. భేదమేమనగా, చెట్టు నీలి గడ్డలో దానితోపాటు మట్టియు, ఇతర రంగులును ఉండును. అందుచే ఆ గడ్డ మిశ్రమము. గడ్డగడ్డకు బలము మారుటకు కారణమిదియే.

మిశ్రమములు

పాళ్ల నియమము లేక, ఎవరి గుణము వారు విడువక కూడియున్నవి మిశ్రమములు. గంజి, బావినీరు, ఇత్తడి చెంబు ఇట్టివే. కోరా నూలు తూకమున సుమారు 90 పాళ్లు సెల్యులోజు అను సంయోగము, తక్కినది మైనము మొదలగునవి. ఆ మైనము నీటిని అంటనీయదు గనుకనే నూలును ఉడికింపక రంగు వేసిన పట్టదు. ముడిపట్టు కూడ అంతే. అసలు పట్టుపై జిగురు చుట్టుకొనియుండును. ఉడికించి జిగురు తీసిన 100 పలములు 75 లేక 80 పలములగును. ఈ తరుగు తెలియక కొన్నవాడు నష్టపోవును. బావినీటిలో సున్నపు లవణములు కరిగియున్నచో సబ్బు నురుగురాక తెట్టె కట్టును.

డబ్బాలో జరిగినదేమి?

కాస్టిక్ సోడా గాలిలోని తేమను పీల్చును, బొగ్గుపులుసు వాయువును పట్టుకొని కొంత కొంతగా చాకలిసోడాగా మారును. కొన్ననాడు దాదాపు శుద్ధ సంయోగమైనది రెండు మాసములకు కాస్టిక్ సోడా, చాకలిసోడా, నీరు కూడిన మిశ్రమమైనది. తూకము సరిపోయినను అందు అసలు సరుకు తగ్గినది. నీలి తనంతట నీటిలో కరగదు. హైడ్రోస్, కాస్టిక్ సోడాలు కలిసి దానిని పసుపుపచ్చగా మార్చి కరిగించును, పిదప గాలి తగిలిన మరల నీలమగును. కాస్టిక్ బలము చాలనిచో అరకొరగా కరిగి నూలు పైపైనే నిలుచును. మాకు జరిగినదిదియే.

కావున కాస్టిక్ సోడాను చిన్న డబ్బాలలో కొని మూత గట్టిగా బిగింపవలెను. అల్యూమినియము పాత్ర తగదు, దానిని తినివేయును. సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెనే గాని, సోడాపై నీరు పోయరాదు. పొంగి కన్నులు పోగలవు. హైడ్రోస్‌పై కొద్ది తడి పడినను వేడెక్కి అంటుకొనవచ్చును. బ్లీచింగు పొడి ఆరుబయట ఉంచిన బలము పోవును. దానిలో ఆమ్లము కలిపితిరా, ఉప్పులో శాంతముగానున్న ఆ క్లోరినే విషవాయువై పైకి లేచును. పిల్లలున్న ఇండ్లలో ఈ మూడు డబ్బాలకును తాళము మేలు.

సరిగ మాట

సరిగ ఒక్క పదార్థము కాదు. అసలు సరిగలో పట్టుదారముపై వెండితీగ చుట్టి, బంగారు పూత వేయుదురు. నకిలీది రాగితీగ, లేక లోహపుపూతగల ప్లాస్టిక్. లోహపుతీగను దారమునుండి విప్పి రాతిపై గీయుడు. తెల్లదనము వెండికి, ఎర్రదనము రాగికి గుర్తు. నిప్పు చూపిన ప్లాస్టిక్ కరిగి ముద్ద కట్టును. వెండి నల్లబడుట మోసము కాదు. గాలిలోని గంధకపు అంశతో కూడి వెండి పైపొర సంయోగమగుటయే అది.

కంచిలో పట్టు నేయువారైనను, షోలాపురములో చద్దరు నేయువారైనను, బరంపురములోను యానాములోను మగ్గము వేసినవారైనను, సరుకు కొనునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇది ఒకటేనా? కూడి ఒకటైనదా? ఊరక కలిసియున్నదా? డబ్బాపై కొన్న తేదీ వ్రాసి ఉంచుడు. పిల్లలు బడిలో చదువు ఈ పాఠమును ఇంట బాన దగ్గర నిలబెట్టి చూపుడు. వారికి చదువును, మనకు నూలును దక్కును.