మూడు పేర్ల ఊరు



ఉత్తర దక్షిణ అమెరికా ఖండములను కలుపు సన్నని నేలపట్టున నికరాగువా అను దేశము కలదు. దానికి పడమట పసిఫిక్ మహాసముద్రము, తూర్పున కరీబియన్ సముద్రము. ఆ తూర్పు తీరమున, దక్షిణపు కొనను, కోస్టారికా దేశపు సరిహద్దు చెంత శాన్ హువాన్ అను నది సముద్రమున కలియును. ఆ సాగరసంగమమునకు సమీపమున ఒక చిన్న ఊరున్నది. దానిని చూచినవారు మన సామాన్య గ్రామమువంటిదే యని తలతురు. అయినను ఒకప్పుడు రెండు మహారాజ్యములు ఆ ఊరికై తగవులాడినవి. వేలకొలది బాటసారులు దాని రేవున దిగిరి. ఆ ఊరు ఏల పెరిగెను, ఏల క్షీణించెను, నశించిన పిమ్మట మరల ఏల వెలసెను అను మూడు ప్రశ్నలను నేడు విచారింతము.

మొదట ఆ ప్రదేశపు స్వరూపమును గ్రహింపవలెను. నికరాగువాలో సుమారు 8,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల గొప్ప మంచినీటి సరస్సు కలదు. అది పసిఫిక్ సముద్రమునకు మిక్కిలి దాపున నున్నది. నడుమనున్న నేల ఒకచోట 12 మైళ్ల వెడల్పు మాత్రమే. అయినను సరస్సు నీరు ఆ దిక్కునకు పారదు. శాన్ హువాన్ నదియై తూర్పుముఖముగా సుమారు 120 మైళ్లు ప్రవహించి కరీబియన్ సముద్రమున పడును. కావున తూర్పు సముద్రమున ఓడ దిగినవాడు నది మీదుగా, సరస్సు మీదుగా పడవపై పోయి, చివరి 12 మైళ్లు మాత్రము నేలపై నడచినచో పడమటి సముద్రమును చేరగలడు. పనామా కాలువ లేని ఆ కాలమున ఇట్టి మార్గము ఎంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఓడలు దక్షిణ అమెరికా కొనను చుట్టి పోవుటకు నెలలు పట్టుచుండెను. ఈ 12 మైళ్ల సంగతియే ఆ ఊరి జాతకమును వ్రాసినది.

మా కుమారుడు ఉద్యోగరీత్యా ఆ ఖండమున నుండుటచే కొన్ని యేండ్ల క్రిందట నాకు అచటికి పోవు అవకాశము కలిగినది. సరస్సునుండి నది బయలుదేరు చోట శాన్ కార్లోస్ అను పట్టణమున్నది. అచట పడవ నెక్కితిమి. ఆ పడవలు సన్ననివి, పొడవైనవి, యంత్రముతో నడచునవి. మాతోకూడ బియ్యపు బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, కోళ్ల గంపలు, పసిబిడ్డలతో తల్లులు ప్రయాణము చేసిరి. ఆ తీరమునకు పోవుటకు ఆ నదియే రాజమార్గము. తెల్లవారి బయలుదేరిన మాకు సాయంకాలమున గాని ఊరు కానరాలేదు. దిగువకు పోయినకొలదియు అడవి దట్టమయ్యెను, వాన హెచ్చెను. మన తీరమండలమున ఏటికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురియును గదా! ఆ నదీముఖమున 5,000 మిల్లీమీటర్లకు పైగా కురియును. ఛత్రము నాకు అలంకారమాత్రమే యయ్యెను.

దారిలో వడి నీటి చెంత, గుట్టపై, ఎల్ కాస్టిల్యో అను పాత కోట కలదు. సముద్రపు దొంగలు నది నెదురెక్కి వచ్చి సరస్సు తీరపు పట్టణములను దోచుచుండుటచే స్పెయినువారు దానిని 1675లో ముగించిరి. 1762లో ఆంగ్లేయులు ముట్టడింపగా, మరణించిన కోటాధిపతి కుమార్తె, 19 ఏండ్ల రఫాయేలా హెర్రేరా, ఫిరంగులను నడిపించి కోటను కాచెను. 1780లో ఆంగ్లేయులు మరల వచ్చి పట్టుకొనిరి. పిమ్మట ప్రసిద్ధికెక్కిన నెల్సన్ ఆ దండులో 21 ఏండ్ల యువకుడు. గెలిచినవారిని జ్వరములు గెలిచినవి. సైనికులలో అధికభాగము మరణింపగా కోటను విడిచిపోయిరి. ఆ నదిపై శత్రువుకంటె దోమ బలవత్తరమని దీనివలన తెలియుచున్నది.

ఇక ఊరి సంగతి. దాని తొలిపేరు శాన్ హువాన్ డెల్ నోర్టే, అనగా ఉత్తరపు శాన్ హువాన్. ఆ తీరమున మిస్కీటో అను ఆదివాసుల రాజ్యముండెను. దానికి తాము సంరక్షకులమని బ్రిటిషువారు చెప్పుకొనుచుండిరి. 1848 జనవరి 1వ తేదీన వారు మిస్కీటో రాజు పేరిట ఊరిని ఆక్రమించి, నాటి జమైకా గవర్నరు చార్లెస్ గ్రే పేర దానికి గ్రేటౌన్ అని నామకరణము చేసిరి. ఆ నెలలోనే కాలిఫోర్నియాలో బంగారము బయల్పడినది. న్యూయార్కు ప్రాంతపు జనులు బంగారమునకై పడమటి తీరమునకు పరుగులిడసాగిరి. 1851లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ అను ధనికుని సంస్థ ఈ మార్గమును నడిపించెను. జనులు గ్రేటౌన్‌లో సముద్రపు ఓడ దిగి నది పడవ నెక్కుదురు. సరస్సు దాటి, కంచరగాడిదలపై ఆ 12 మైళ్లు పోయి, పసిఫిక్ తీరమున వేఱొక ఓడ నెక్కుదురు. సత్రములు, అంగళ్లు, వివిధ దేశముల ప్రతినిధుల కచేరీలు ఆ యిసుకతిన్నెపై లేచినవి.

సంపద చేరినచోట కలహము చేరక మానదు. ఓడల సంస్థకును ఊరి పాలకులకును వైరము పెరిగెను. 1854లో ఒక అమెరికా పడవ నాయకుడు స్థానికుడైన పడవవానిని చంపెనను అభియోగము వచ్చెను. అతనిని బంధింపరాకుండ అమెరికా రాయబారి అడ్డుపడగా గుంపులోనుండి ఎవరో సీసా విసిరిరి, రాయబారి మొగమునకు గాయమయ్యెను. క్షమాపణయు 24,000 డాలర్లును ఇచ్చుకొనవలెనని అమెరికావారు కోరిరి, ఊరివారు ఇయ్యలేదు. జూలై 13వ తేదీన సయానీ అను యుద్ధనౌక ఊరిపై ఫిరంగులు ప్రేల్చెను. పిమ్మట నావికులు దిగి మిగిలిన యిండ్లకు నిప్పు పెట్టిరి. ముందుగా హెచ్చరింపబడుటచే జనులు వెడలిపోయి ప్రాణములు దక్కించుకొనిరి. ఆస్తి పోయిన ఒక వర్తకుడు నౌకాధిపతిపై దావా వేయగా, అమెరికా న్యాయస్థానము 1860లో దానిని త్రోసివేసెను. ఒక సీసా దెబ్బకు ఒక పట్టణము బూడిదయైన ఉదంతమిది.

ఊరివారు మరల ఇండ్లు కట్టుకొనిరి. 1860లో బ్రిటిషువారు హక్కు వదలుకొనగా ఊరు నికరాగువాకు చెందినది. కాని అంతకంటె పెద్ద విపత్తు నిశ్శబ్దముగా వచ్చుచుండెను. శాన్ హువాన్ నది సముద్రమును చేరుటకు ముందు రెండు పాయలగును. ఉత్తరపు పాయ గ్రేటౌన్ రేవునకు వచ్చును. దక్షిణపు పాయ కొలరాడో. అది కోస్టారికా నేలపై పారును. కాలక్రమమున నది నీటిలో అధికభాగము కొలరాడోకు మరలినది. పాయలో నీరు తగ్గినచో ఒండ్రును సముద్రములోనికి త్రోయు శక్తియు తగ్గును. అలలు తెచ్చిన యిసుక రేవు ముఖమున మెట్టయై నిలుచును. గోదావరీ కృష్ణా ముఖములందు నివసించువారికి ఈ వ్యవహారము విశదమే. 1860 తరువాతి కాలమున పెద్ద ఓడలు రేవులోనికి రాజాలకపోయినవి. 1855లోనే పనామాలో రైలుమార్గము పూర్తియైనందున బాటసారులు అటు మరలిరి. ఫిరంగి చేయలేని పనిని ఇసుక చేసినది.

అయినను ఆశ చావలేదు. 12 మైళ్ల నేలను త్రవ్వి రెండు సముద్రములను కలుపవలెనను తలంపు ఏనాటినుండియో కలదు. 1889లో ఒక అమెరికా సంస్థ గ్రేటౌన్ చెంత కాలువ పని నారంభించెను. నీటిలో కట్టలు కట్టిరి, త్రవ్వుయంత్రములను దింపిరి. 1893లో ధనము చాలక పని నిలిచెను. 1902లో అమెరికా శాసనసభలో నికరాగువా దారియా, పనామా దారియా యను చర్చ వచ్చినప్పుడు, పనామా పక్షమువాడొకడు నికరాగువా తపాలా బిళ్లలను సెనేటు సభ్యులందఱికిని పంచెను. ఆ బిళ్లపై పొగలు క్రక్కు అగ్నిపర్వతపు బొమ్మ యున్నది. ఆ పర్వతము కాలువ దారికి చాల దూరమైనను బొమ్మ తన పని తాను చేసినది. సభ పనామా నెన్నుకొనెను. 1914లో ఆ కాలువ తెఱవబడెను.

గ్రేటౌన్ ఉండిన చోటికి నేను పడవలో పోయితిని. మడుగు నీటిలో పాత త్రవ్వుయంత్రమొకటి త్రుప్పుపట్టి నిలిచియున్నది. దానిపై చెట్లు మొలచినవి. గట్టుపై అడవి నడుమ శ్మశానములు కలవు. కథోలిక్కులకు వేఱు, ఆంగ్లేయులకు వేఱు, ఫ్రీమేసనులకు వేఱు. రాళ్లపై దూరదేశముల ఊళ్ల పేర్లు చదివితిని. ఇండ్లు, అంగళ్లు, కచేరీలు ఏమియు మిగులలేదు.

ఈ నాశనమునకు కారణము ఇసుక యొక్కటియే కాదు. 1980 తరువాత నికరాగువాలో అంతర్యుద్ధము చెలరేగెను. అప్పటికి చిన్న పల్లెగా మిగిలిన ఆ ఊరిని 1984లో ఏడెన్ పాస్తోరా నాయకత్వమున తిరుగుబాటు దళము కొన్ని దినములు పట్టుకొనెను. పోరులో ఊరు పాడయ్యెను. జనులు నది దాటి కోస్టారికాలో తలదాచుకొనిరి. 1990లో శాంతి కలుగగా తిరిగివచ్చి, పాతచోట గాక ఇందియో నది ఒడ్డున క్రొత్త ఊరు కట్టుకొనిరి. 2002లో దానికి శాన్ హువాన్ డె నికరాగువా అను మూడవ పేరు వచ్చినది.

ఆ క్రొత్త ఊరిలో మాకు ఒక ముదుసలి యింట బస దొరకినది. ఆమె నన్ను ‘దోన్’ అని పిలిచెను. అది మన ‘గారు’ వంటి గౌరవపదము. భోజనమునకు గాయో పింటో వండినది. ఆ మాటకు మచ్చల కోడిపుంజు అని యర్థమని మా కుమారుడు చెప్పగా నేను సంశయించితిని. తీరా అది అన్నమును ఎఱ్ఱ చిక్కుడు గింజలను కలిపి వేయించిన శాకాహారమే! మాటల నడుమ, పాత ఊరిని విడిచినందుకు విచారము లేదా యని అడిగించితిని. “దోన్, మా పెద్దలు అచట నున్నారు, మా పిల్లలు ఇచట నున్నారు. ఏటేట పడవలో పోయి సమాధులకు సున్నము వేసి వత్తుము. ఊరు మాతోనే వచ్చినది” అని ఆమె చెప్పెను.

నది విషయమున తగవులు నేటికాలమునను కలిగినవి. 1858 నాటి సంధి ప్రకారము నది నికరాగువాది, అందు వర్తకపు పడవలు నడుపు హక్కు కోస్టారికాకు కలదు. అంతర్జాతీయ న్యాయస్థానము 2009లో దీనిని స్థిరపఱచెను. 2010లో నికరాగువావారు ఉత్తరపు పాయలో పూడిక తీయించిరి. ఆ పనికి అధిపతి పూర్వము ఊరిని పట్టుకొనిన పాస్తోరాయే! ఆ సందర్భమున నదీముఖపు చిత్తడినేలపై తగవు పుట్టగా, 2015లో న్యాయస్థానము అది కోస్టారికాదని తీర్పు చెప్పెను. 2013లో ఒక చీనా సంస్థకు కాలువ హక్కు ఇచ్చిరి. ఆ దారి సహితము ఈ ఊరిని విడిచి ఉత్తరముగా గీయబడినది. పని సాగలేదు, 2024లో ఆ హక్కును రద్దుచేసిరి. ఈ నడుమ 2016 నవంబరు 24వ తేదీన ఒట్టో అను తుపాను ఈ ఊరి చెంతనే తీరము దాటెను.

పెద్దలారా, సంధిపత్రములు, ఫిరంగులు, ధనికుల సంస్థలు ఆ రేవు ఎవరిదని నిర్ణయింపజూచినవి. రేవు ఉండునా ఉండదా యనునది మాత్రము నీటి నడక నిర్ణయించినది. నదియొడ్డున ఇల్లు కట్టువాడును, రేవు కట్టు ప్రభుత్వమును ముందుగా తెలిసికొనవలసినది ఆ నడకనే. ఇక ఊరు మరల ఏల వెలసెనను మూడవ ప్రశ్నకు ఆ ముదుసలి చెప్పినదానికంటె మంచి సమాధానము నాకు తోచలేదు. ప్రపంచము తమ వాకిట నడచిపోవునని ఆ ఊరివారు ఇప్పుడు ఎదురుచూచుట లేదు. చేపలు పట్టుదురు, కొబ్బరి పండింతురు, అడవిని చూడవచ్చినవారికి అన్నము పెట్టుదురు. సాయంకాలమున పడవ వచ్చువేళకు రేవున నిలిచి, వచ్చినది తమవారో కాదో యని చూతురు.