కీలులోని సందు

విజయవాడకు ఎగువనున్న పులిచింతల జలాశయమునకు 24 గేట్లు కలవు. కృష్ణా డెల్టా పైరులకు ఆసరాయైన నీరు వీని వెనుకనే నిలుచును. 2021 ఆగస్టు 5వ తేదీ తెల్లవారుజామున 16వ గేటు ఊడి కొట్టుకొనిపోయెను. జలాశయమును చాలవరకు ఖాళీ చేసిన పిమ్మట గాని ఆ దారిని మూయుటకు వీలు కాలేదు. గేటు ఎంత విలువైనదో దీనివలన తెలియును.

ఇట్టి గేటు వంపు తిరిగిన ఉక్కు తలుపు. దానిని ఉక్కు చేతులు పట్టియుండును. ఆ చేతులు ఇరుప్రక్కల రెండు కీళ్లతో ముగియును. కీలులో ముఖ్యమైనవి రెండు: ఉక్కు పిన్ను, దాని చుట్టును ఉండు బుష్షు. నీటి త్రోపు అంతయు ఈ కీళ్లకే చేరును.

పిన్నునకు, బుష్షునకు నడుమ సందు ఎంత ఉండవలెను? ఎడ్లబండి ఇరుసును ఎరిగినవారికి ఇది కొత్త ప్రశ్న కాదు. సందు చాలనిచో కందెన దూరదు, చక్రము బిగియును. ఎక్కువైనచో చక్రము ఊగి, ఇరుసు త్వరగా అరుగును.

ఆటోనగరులోని లేతుపై తయారగు 50 మిల్లీమీటర్ల పిన్నును తీసికొందము. ఏ రెండు పిన్నులును అచ్చముగా ఒకే కొలతకు రావు. అందుచేత కొలతకు హద్దులు పెట్టుదురు. బుష్షు రంధ్రము 50.000 నుండి 50.039 వరకు, పిన్ను 49.950 నుండి 49.975 వరకు ఉండవచ్చును. అప్పుడు సందు 0.025 మిల్లీమీటరుకు తగ్గదు, 0.089కు మించదు. తలవెండ్రుక మందము సుమారు 0.07 మిల్లీమీటరు! అంతర్జాతీయ ప్రమాణములలో ఈ జతకు 'హెచ్ 8 - ఎఫ్ 7' అని పేరు. దుమ్ము, వేడిమి తగులు కీలునకు ఇంతకన్న వదులైన జతను, కదలక నిక్కచ్చిగా నిలువవలసినదానికి బిగువైన జతను ఎన్నుకొందురు. బుష్షును దాని గూటిలో బిగించి కొట్టినప్పుడు రంధ్రము కొంచెము కుదించుకొనును. కావున బిగించిన తరువాతనే కొలువవలెను.

సందును సరిగా ఎన్నుకొనుటతో పని తీరదు. 1995 జులై 17న అమెరికాలోని ఫోల్సమ్ ఆనకట్టపై ఒక గేటును ఎత్తుచుండగా అది విరిగిపోయెను. కందెన చాలక, తేమ చేరి, పిన్నులు త్రుప్పు పట్టి, ఏటేట ఘర్షణ పెరిగినదని దర్యాప్తులో తేలినది. పిన్ను సులువుగా తిరుగనందున గేటు చేతులు వంగి, వాని బందు తెగినది. గేటును రూపొందించినవారు ఈ ఘర్షణను లెక్కలోనికి తీసికొనలేదు.

కీలులోని సందు వట్టి ఖాళీ కాదు. అది కందెన నివసించు చోటు. అచ్చట కందెన ఉన్నంతవరకే తలుపు మన మాట వినును.