కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుందా?

కోలారు మార్కెట్ యార్డులో టమాటా బాక్సులు ఎత్తుకుని ముళబాగిలు మీదుగా పలమనేరు, చిత్తూరు వైపు పోయే బండ్లు దాదాపు అన్నీ క్లచ్ తొక్కి గేరు మార్చేవే. మన మెకానిక్కుల అనుభవమంతా ఆ గేర్‌బాక్సు మీదే పండింది. ఇప్పుడు ఆటోమేటిక్ పికప్‌లు కూడా రోడ్డెక్కాయి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కు 2019లోనే ఆటోమేటిక్ వచ్చింది. అలాంటివి పాతబడి చేతులు మారినప్పుడు, క్లచ్ బండి లెక్కలే వీటికీ వేస్తే నష్టం పెద్దదే.

మామూలు గేర్‌బాక్సులో ఆయిల్ పని ముఖ్యంగా పళ్లు అరగకుండా చూడటం. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో శక్తిని అందించేది ఆయిలే. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు పట్టించేది ఆయిల్ ఒత్తిడే. పుట్టిన వేడిని కూలర్ దాకా మోసుకుపోయేదీ అదే. ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలా అపోహలు పుట్టాయి.

అపోహ: పాత బండికి ఆయిల్ మార్చకూడదు, మారిస్తే గేర్లు పట్టవు.

అన్నిటికన్నా ఎక్కువ బండ్లను చెడగొట్టింది ఈ మాటే. దీని వెనక నిజమైన అనుభవం లేకపోలేదు. ఆయిల్ మార్చిన వారానికే బండి జారడం మొదలైందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ వాళ్లు ఆయిల్ మార్చింది ఎప్పుడు? గేరు ఆలస్యంగా పడటం, ఎత్తులో ఇంజను అరుస్తున్నా బండి లాగకపోవడం మొదలయ్యాక. అప్పటికే క్లచ్ ప్లేట్ల పైపొర అరిగిపోయి ఉంటుంది. అరిగిన ప్లేట్లకు కొత్త ఆయిల్ ప్రాణం పోయలేదు. పోయిన ప్రాణానికి నేరం మాత్రం దాని మీద పడుతుంది.

నిజంగా జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఏళ్ల తరబడి మార్చని బాక్సులో యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగిస్తే, అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కోవచ్చు. అందుకే పాత బండికి బాక్సు అడుగున ఉండే పాన్ విప్పి దించినంత దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోయడమే మేలు. పాన్ విప్పితే మొత్తం ఆయిల్ దిగుతుందనుకోవడమూ పొరపాటే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. చాలా బండ్లలో దిగేది సగమో, అంతకన్నా తక్కువో. కొంతకాలం నడిపి మళ్లీ మారిస్తే నెమ్మదిగా శుభ్రపడుతుంది.

‘జీవితకాలపు ఆయిల్’ అన్న మాటను కూడా నమ్మి కూర్చోకూడదు. నిండు లోడుతో మొగిలి ఘాట్ ఎక్కే బండిలో టార్క్ కన్వర్టర్ జారే కొద్దీ వేడి పుడుతుంది. వేడి పెరిగే కొద్దీ ఆయిల్ ఆయుష్షు తరుగుతుంది. బరువు మోసే బండికి మాన్యువల్ పుస్తకంలో గడువు విడిగా, తక్కువగా రాసి ఉంటే అదే మనకు వర్తించేది.

అపోహ: ఎర్ర ఆయిల్ అంతా ఒకటే.

లారీల పవర్ స్టీరింగ్‌లో ఎర్ర ఆయిల్ పోస్తారు కాబట్టి ప్రతి షెడ్డులోనూ ఒక డబ్బా ఉంటుంది. ఆ ఎరుపు కేవలం రంగు, లీకు ఎక్కడిదో గుర్తుపట్టడానికి కలిపింది. క్లచ్ ప్లేట్లు ఎంత జారి ఎంత పట్టుకోవాలో నిర్ణయించేది లోపల కలిపే రసాయనాలు. జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్‌కూ ఫోర్డ్ టైప్ ఎఫ్‌కూ తేడా సరిగ్గా అక్కడే. ఆ పనికే తొలి డెక్స్‌రాన్‌లో తిమింగలం నూనె వాడేవారు. 1970ల తొలి ఏళ్లలో అమెరికా దాన్ని ఆపేశాక ఫార్ములానే మార్చాల్సి వచ్చింది. డబ్బా మీది రంగు కాదు, మాన్యువల్ చెప్పిన స్పెసిఫికేషన్ నంబరు చూడాలి.

ఇంజను ఆయిల్ పోసినా నడుస్తుందన్న మాటకు మూలం కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లోనే ఉండవచ్చు. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ ఇక్కడ కొమాట్సు సాంకేతిక సహకారంతో తయారుచేసిన డోజర్లలో టార్క్ కన్వర్టర్ ఉన్న గేర్‌బాక్సులున్నాయి. వాటిలో ఎస్‌ఏఈ 10, 30 గ్రేడు ఇంజను ఆయిల్ తరహావే పోస్తారు. ఆ ప్లేట్లు, సీళ్లు దానికోసమే తయారయ్యాయి. డోజర్‌కు సరైనది పికప్‌కు విషం. ఇక హొసకోటెలో 1998 నుంచి లారీలు తయారుచేస్తున్న వోల్వో వారి ఐ-షిఫ్ట్ లాంటివాటిలో క్లచ్ పెడల్ ఉండదు గానీ, లోపల ఉన్నది పళ్ల గేర్‌బాక్సే. దానికి ఎర్ర ఆయిల్ పనికిరాదు.

అపోహ: లీకైతే బోల్టు ఇంకా బిగించాలి, ప్యాకింగ్‌కు రెండు వైపులా పేస్టు పూయాలి.

పాన్ బోల్టులకు చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగువు చాలు. లారీ చక్రం నట్టుకు వందల్లో కావాలి. ఆ చేత్తోనే పాన్ బిగిస్తే రేకు అంచు బోల్టుల దగ్గర వంగి, రెండు బోల్టుల మధ్య సందు పడుతుంది. లీకు అక్కడే మొదలవుతుంది. కొత్త ప్యాకింగ్ వేసే ముందు అంచును చదునైన చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా సరిచేయాలి. పాత ప్యాకింగ్ పొర గీకేటప్పుడు అల్యూమినియం బాడీ మీద గీత పడకూడదు. బోల్టులు మధ్య నుంచి బయటికి, ఒకదానికి ఎదురుగా ఒకటి, రెండు మూడు విడతల్లో బిగించాలి. రబ్బరు ప్యాకింగ్‌కు పేస్టు పూస్తే అది పక్కకు జారుతుంది. పైగా లోపలికి పిండుకుపోయిన పేస్టు ముక్క ఊడి ఫిల్టరును మూసేస్తుంది. ప్యాకింగే లేకుండా పేస్టుతో అతికే పాన్లు వేరు. వాటికి కంపెనీ చెప్పిన పేస్టే వాడాలి.

పాన్‌లోని అయస్కాంతానికి అంటుకున్న మెత్తని బూడిదరంగు ముద్దను చూసి బాక్సు పోయిందని భయపెట్టేవాళ్లున్నారు. అది మామూలు అరుగుదలే. చేతికి తగిలే లోహపు పెచ్చులు, ముక్కలు కనిపిస్తేనే చింతించాలి.

ఇంజను చల్లగా ఉండగా లెవెల్ చూసి నింపడం మరో అలవాటు. ఈ ఆయిల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. ఎక్కువ బండ్లలో వేడెక్కాక, చదునైన నేల మీద, ఇంజను నడుస్తుండగా లెవెల్ కడ్డీ తీసి చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజను ఆపి చూడమంటాయి. కడ్డీ లేని బాక్సులకు నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ప్లగ్గు రంధ్రం నుంచి ఆయిల్ పొంగడమే కొలత. ఎక్కువైతే నురగ కట్టి ఒత్తిడి పడిపోతుంది.

దించిన ఆయిల్‌ను చెదలకు మందని గుంజలకు పూయడం, కాలవలో పారబోయడం చూస్తుంటాం. 2016 కేంద్ర నిబంధనల్లో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. జీవనది లేని కోలారు జిల్లాకు చెరువులూ బోరుబావులే దిక్కు. మూత ఉన్న డబ్బాలో పట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి.